డ్రాగన్‌ను నమ్మిన ప్రేక్షకుడు

1

అద్భుత కథలంటే మన అభ్యుదయ విమర్శకులకు మొదటినుంచీ చిన్నచూపే. రాజులు, రాణులు, మంత్రాలు, మాయలు - ఇవన్నీ భూస్వామ్య సంస్కృతి అవశేషాలనీ, జనాన్ని నిజజీవిత సమస్యలనుంచి దారి మళ్ళించే మత్తుమందులనీ ఒక్క మాటలో తేల్చి పక్కన పెట్టడం మనకు అలవాటు. ఆ అలవాటు నాకూ ఉంది. పలాయనవాదం అనే ముద్ర చేతిలో ఉంటే విమర్శకుడికి శ్రమ తగ్గుతుంది. ముద్ర వేయడానికి పుస్తకం చదవనక్కరలేదు, బొమ్మ చూడనక్కరలేదు. ఆ సులభమార్గంలో నేను ఎంత దూరం నడిచానో చెప్పుకోవడం కూడా ఈ వ్యాసం పనుల్లో ఒకటి.

2019 ఏప్రిల్ 11న మన రాష్ట్రంలో శాసనసభకూ లోక్‌సభకూ పోలింగ్ జరిగింది. లెక్కింపు మే 23న. పెట్టెలకు సీళ్ళు వేసి, జనమంతా ఆరు వారాలపాటు ఫలితం కోసం ఎదురుచూసిన కాలమది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 15 నుంచి మే 20 వరకు, ప్రతి సోమవారం తెల్లవారగానే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహిక చివరి సీజన్ ఒక్కొక్క ఎపిసోడ్ చొప్పున మన దేశంలో వచ్చింది. మా పెదపాడులో దాన్ని చూసినవాళ్ళు ఉన్నారంటే నేను మొదట నమ్మలేదు. కొల్లేటి ఒడ్డున చేపల చెరువు మీద పనిచేసే ఒక కుర్రవాడు, డిగ్రీ వరకు సాహిత్యం చదువుకున్నవాడు, చెరువు గట్టు మీద కూర్చుని ఫోనులో చూసేవాడట.

మే 13 సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. ముఖం చూస్తే ఎవరో దగ్గరివాళ్ళు మోసం చేసినట్టు ఉంది. "డ్రాగన్ ఉందంటే నమ్మేనండి మాస్టారూ. చచ్చినోడు లేచొచ్చేడంటే నమ్మేను. లొంగిపోయిన ఊరిని ఆవిడ తగలబెట్టేసిందంటే మాత్రం నమ్మలేకపోతన్నానండి" అన్నాడు. నేను నవ్వాను. "రాజుల కథలో న్యాయం వెతుకుతావేమిటయ్యా, దెందులూరులో ఎవరు గెలుస్తారో చెప్పు" అన్నాను. అతను నవ్వలేదు. "న్యాయం అడగట్లేదండి, కారణం అడుగుతున్నాను" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. తర్వాత కొన్ని నెలలు పట్టినా డెబ్భైమూడు ఎపిసోడ్లూ చూశాను. అతను అడిగినది పిచ్చి అభిమానం అడిగించిన ప్రశ్న కాదనీ, సాహిత్య విమర్శలో మౌలికమైన ప్రశ్న అనీ అప్పుడు బోధపడింది.

2

తెలియని పాఠకుల కోసం ముందు కొన్ని వివరాలు. ఈ ధారావాహికకు మూలం జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' అనే నవలామాల. మొదటి నవల 1996లో, ఐదవది 2011లో వచ్చాయి. నవలామాల ఇంకా పూర్తి కాలేదు. డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ అనే ఇద్దరు రచయితల నాయకత్వంలో హెచ్‌బీవో సంస్థ దీన్ని 2011 ఏప్రిల్ 17 నుంచి 2019 మే 19 వరకు ప్రసారం చేసింది. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. కథ సగం దాటాక టెలివిజన్ పుస్తకాన్ని దాటిపోయింది. ముగింపులోని ముఖ్య ఘట్టాలను మాత్రం మార్టిన్ వాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు.

చివరి సీజన్ సాగుతుండగానే ప్రేక్షకుల అసంతృప్తి కట్ట తెగింది. సమర్థులైన రచయితలతో ఆ సీజన్‌ను తిరిగి తీయాలని కోరుతూ పెట్టిన విన్నపం మీద పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అది పనివాళ్ళను అవమానించడమేనని నటీనటుల్లో కొందరు బాధపడ్డారు. ఇదే ధారావాహికకు ఆ సెప్టెంబరులో ఉత్తమ నాటకీయ ధారావాహికగా ఎమ్మీ బహుమతి వచ్చింది. పరిశ్రమ మెచ్చుకున్నది, ప్రేక్షకుడు నొచ్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో తేల్చవలసిన బాధ్యత విమర్శకుడిది.

ఒక ఎపిసోడ్‌లో రాజుల విందు బల్ల మీద నేటి కాలపు కాగితపు కాఫీ కప్పు ఉండిపోయింది. లోకమంతా దాన్ని చూసి నవ్వింది. సంస్థ తర్వాత దాన్ని బొమ్మలోంచి చెరిపేసింది. ఇలాంటి తప్పుల పట్టిక వేయడం నా ఉద్దేశం కాదు. కప్పును చెరిపేయవచ్చు. చెరపడానికి వీలులేని తప్పు ఏమిటన్నదే ప్రశ్న.

3

"డ్రాగన్లనే నమ్మినవాడికి మిగతాది నమ్మడానికేం?" అని చాలామంది ఎద్దేవా చేశారు. నేనూ చేశాను. ఈ వాదం వినడానికి బాగానే ఉంటుంది కానీ నిలవదు. జరగడానికి వీలులేనిది నమ్మదగినట్టుగా ఉంటే కావ్యానికి పనికివస్తుందనీ, జరగగలిగినదే అయినా నమ్మశక్యం కాకపోతే పనికిరాదనీ అరిస్టాటిల్ ఎప్పుడో తేల్చాడు. రసభంగానికి మూలం అనౌచిత్యమేనని మన ఆనందవర్ధనుడూ నిర్ధారించాడు. పక్షీంద్రుడు మాట్లాడటం అనౌచిత్యం కాదు. ఆ పాత్ర అంతవరకూ నడిచిన దారికి పొంతన లేకుండా మాట్లాడితే అనౌచిత్యం.

మన 'పాతాళభైరవి'నే తీసుకోండి. 1951లో విజయావారు తీసిన ఆ చిత్రానికి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఉంది. తోటమాలి కొడుకు రాకుమార్తెను ప్రేమించాడు. తనతో సరితూగే సంపద తెస్తే పిల్లనిస్తానన్నాడు రాజు. అంటే కథ మొత్తాన్నీ నడిపిస్తున్నది ఆస్తి తారతమ్యం. ఇక మాయ సంగతి: ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వరం వాళ్ళది. ఈ నియమం రాముడి మీద రచయితకు ఉన్న ప్రేమవల్ల సడలదు. ప్రతిమ మాంత్రికుడి చేతికి చేరగానే రాముడి మేడ పోయింది, భార్య పోయింది. పిల్లవాడు కూడా ఈ లెక్కను అర్థం చేసుకుంటాడు. అద్భుతానికి కొత్త నియమాలు ఉండవచ్చు. పెట్టుకున్న నియమానికి రచయిత కట్టుబడి ఉండాలి. ప్రేక్షకుడు నమ్మేది మంత్రాన్ని కాదు, ఆ కట్టుబాటును.

4

మొదటి నాలుగైదు సీజన్లలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఈ లెక్కను చాలా కచ్చితంగా పాటించింది. పేరుకు సింహాసనం కథ. మొదటి సీజన్‌లోనే రాజుగారి ఖజానా అరవై లక్షల బంగారు నాణేల అప్పులో ఉందనీ, అందులో సగం రాణి పుట్టింటివారికే బాకీ అనీ తెలుస్తుంది. అక్కడినుంచి ఎవరు రాజైనా అప్పు వెంట వస్తూనే ఉంటుంది. రాబ్ అనే యువరాజు సైన్యాన్ని నది దాటించాలంటే వంతెన ఉన్న దొర అనుమతి కావాలి. ఆ దొర కూతుర్ని పెళ్ళాడతానని మాట ఇచ్చాడు. ప్రేమించి మరొకరిని చేసుకున్నాడు. 2013లో వచ్చిన పెళ్ళివిందు ఊచకోత ఘట్టం లోకాన్ని నిర్ఘాంతపరిచింది గాని, ఎవరూ "నమ్మలేకపోతున్నాం" అనలేదు. గుండె పగిలినా కారణం కనిపించింది కనుక.

ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి. ఆ కథలో జనం ఉన్నారు. 2012లో వచ్చిన రెండో సీజన్‌లో, యుద్ధంవల్ల ధాన్యం దారులు మూసుకుపోయి రాజధానిలో ఆకలి రేగితే, ఊరేగింపులో వెళుతున్న బాలరాజు ముఖాన పేడ పడుతుంది. రొట్టె కోసం కేకలు అల్లరిగా మారి రాజబంధువులు ప్రాణాలకోసం పరుగెత్తుతారు. తర్వాత ధాన్యం బళ్ళతో వచ్చిన వంశం అమ్మాయి మార్జరీకి జనం జేజేలు పలుకుతారు. ఎందుకు పలుకుతున్నారో మనకు తెలుసు. ఐదో సీజన్‌లో బీదల మతోద్యమం ఒకటి లేచి రాణినే బోనులో పెడుతుంది.

డెనేరిస్ కథలో ఇది మరీ స్పష్టం. డ్రాగన్ల తల్లి అయిన ఈ యువతి బానిసల నగరాలను గెలిచి సంకెళ్ళు తెంపుతుంది. 2014లో వచ్చిన నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒక ముసలి అయ్యవారు ఆమె కొలువుకు వస్తాడు. యజమాని ఇంట్లో పిల్లలకు చదువు చెప్పినప్పుడు నాకు గౌరవం ఉండేది, నీ స్వేచ్ఛవల్ల వీధిన పడ్డాను, తిరిగి అమ్ముడుపోనివ్వమని అడుగుతాడు. బతుకుతెరువు చూపని విముక్తి ఎంత బోలుదో ఇంత క్లుప్తంగా చెప్పిన ఘట్టాలు మన నిబద్ధ సాహిత్యంలోనూ ఎక్కువ లేవు. అదే ఎపిసోడ్‌లో మరొకడు గుడ్డలో మూటకట్టి కాలిన ఎముకలు తెస్తాడు. అవి అతని మూడేళ్ళ కూతురివి. డ్రాగన్ కాల్చింది. డెనేరిస్ ఏడుస్తూ తన రెండు డ్రాగన్లను చీకటి నేలమాళిగలో గొలుసులతో కట్టేస్తుంది. అద్భుతశక్తికి వెల ఉంది, ఆ వెల చెల్లించేది పేదవాడు, వాడు కొలువుకు వచ్చి లెక్క అడుగుతాడు - ఇదీ ఆ కథ ఒప్పుకున్న నియమం.

మార్టిన్ విప్లవకారుడు కాడు. కానీ బాల్జాక్ రాజపక్షపాతి అయివుండి కూడా తన వర్గం పతనాన్ని నిజాయితీగా చిత్రించాడని 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ మెచ్చుకున్న సంగతి మనకు తెలుసు. రచయిత సానుభూతి ఎవరి మీద ఉన్నా కథ గతి నిజాన్ని చెప్పగలదు. డ్రాగన్లు ఎగిరే కథకూ ఈ సూత్రం వర్తిస్తుందని ఒప్పుకోవడానికి మనకేం అభ్యంతరం ఉండాలి?

మరి పతనం ఎక్కడ మొదలైంది? అభిమానులు చివరి సీజన్‌ను తిడతారు. నా దృష్టిలో అది మూడేళ్ళ ముందే, 2016 జూన్‌లో వచ్చిన ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో మొదలైంది. చాలామంది గొప్పదని పొగిడిన ఎపిసోడ్ అది. రాణి సెర్సీ నగరంలోని మహాదేవాలయాన్ని పేల్చివేస్తుంది. జనం ఆరాధించిన మార్జరీ, బీదలు నమ్మిన మతగురువు, చుట్టుపక్కల వీధుల్లో జనం - అంతా బూడిద. ఆ సాయంత్రమే సెర్సీ కిరీటం పెట్టుకుంటుంది. ఊరు ఏమంది? ఏమీ అనలేదు. రొట్టె లేనందుకు రాజు ముఖాన పేడ కొట్టిన ఊరు, గుడినీ దొరసానినీ తగలబెడితే నోరెత్తలేదు. తర్వాతి సీజన్‌లో జనం వీధిలో కనిపిస్తే, రాణిగారి నావికాధిపతి పట్టి తెచ్చిన బందీలను హేళన చేసి అతనికి జేజేలు కొట్టడానికే. అంతవరకూ కథను కదిలించిన చేతులు ఆనాటినుంచి చప్పట్లకు మాత్రమే పనికివచ్చాయి.

జనం కథలోంచి తప్పుకున్నాక అధికారంలో ఉన్నవాడికి అడ్డు ఏమీ మిగలదు. అడ్డు లేనప్పుడు ఎవరు ఏమైనా చేయవచ్చు. ఎవరు ఏమైనా చేయగల కథలో దేనికీ కారణం అక్కరలేదు. దూరాలు చెరిగిపోయాయి, నెలల ప్రయాణాలు ఒక్క పూటలో ముగిశాయి. చివరికి డెనేరిస్, లొంగుబాటు గంటలు మోగిన తర్వాత, రాజధానిని వీధివీధినా కాల్చింది. ఆమెలో క్రౌర్యం బీజాలు ముందునుంచీ ఉన్నాయని సమర్థించేవాళ్ళు ఉన్నారు. నిజమే, ఉన్నాయి. కానీ బీజం వేరు, పంట వేరు. మధ్యలో నారు, నాటు, నీరు, కలుపు ఉంటాయి. అవి చూపించకుండా గింజ చూపించి కుప్ప చూపిస్తే రైతు నమ్మడు.

ఆ ఎపిసోడ్‌లో కెమెరా వీధుల్లోకి దిగింది, తల్లీబిడ్డలు కాలిపోవడాన్ని దగ్గరనుంచి చూపింది. కాదనను. అయితే ఆ జనం జాలి కోసం ఉన్నారు గాని కథ కోసం లేరు. అంతకుముందు ఒక్క పాప ఎముకలు తెచ్చిన తండ్రికి కొలువులో చోటు ఉంది. ఇప్పుడు ఊరంతా కాలితే మూటకట్టుకుని వచ్చినవాడు ఒక్కడూ లేడు. హత్య జరిగింది, శిక్ష నిర్ణయించారు, కొత్త రాజును ఎన్నుకున్నారు. అన్నీ ప్రభువులే చేశారు.

ఆఖరి ఎపిసోడ్‌లో ఒక దృశ్యం ఉంది. రాజు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు శాంవెల్ అనే పాత్ర, మనం పాలించే జనమే ఎన్నుకుంటే సరిపోదా అని బెరుకుగా అంటాడు. ప్రభువులంతా పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు పాత్రల స్వభావానికి తగినదే. కానీ దానికి సమాధానం చెప్పే గొంతు ఆ నగరంలో ఒక్కటీ మిగలలేదన్న సంగతి రచయితలకు తట్టలేదు. ఆ దృశ్యం మనకు వచ్చింది మే 20 ఉదయం. మన ఓట్లు పెట్టెల్లో ఉన్నాయి, మూడు రోజుల్లో లెక్కింపు. గట్టు మీద కూర్చుని ఆ నవ్వు విన్న ఓటరుకు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

5

ఇక అభిమానుల విమర్శను పరిశీలిద్దాం. వాళ్ళలో ఎక్కువమంది "పాత్రచిత్రణ చెడింది, తొందరపడ్డారు" అన్నారు. ఇది నిజం, కాని పైపై నిజం. టర్కీలో పుట్టిన సామాజిక శాస్త్రజ్ఞురాలు జైనెప్ తుఫెక్చి 2019 మేలో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో మరింత లోతుకు వెళ్ళింది. సమాజవ్యవస్థలు నడిపించిన కథను రచయితలు వ్యక్తుల మనస్తత్వాలు నడిపించే కథగా మార్చేశారనీ, పతనానికి మూలం అదేననీ ఆమె వాదన. దీనితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఒక చిన్న సవరణ అవసరం. ఏడో సీజన్‌లోనూ బ్యాంకు ఉంది, అప్పు ఉంది, దోచుకొచ్చిన బంగారంతో అప్పు తీర్చడమూ ఉంది. వ్యవస్థ పూర్తిగా పోలేదు. పోయింది, ఆ వ్యవస్థ ఎవరి నెత్తిన నిలబడిందో ఆ జనం. జనం లేని వ్యవస్థ కూడా వ్యక్తుల చదరంగమే అవుతుంది.

లాభాపేక్షే కళను చంపిందని సూత్రం వల్లించి ముగించడం కూడా తొందరపాటే. సంస్థ మరిన్ని ఎపిసోడ్లకు సిద్ధపడినా, కథను త్వరగా ముగించదలచుకున్నది ఆ ఇద్దరు రచయితలేనని అప్పట్లోనే వెల్లడైంది. చివరి ఆరు ఎపిసోడ్లలో నాలుగు వాళ్ళే రాశారు. ఒక్క రాత్రి యుద్ధం చిత్రీకరణకు యాభై అయిదు రాత్రులు వెచ్చించారు. ఆ శ్రమను తక్కువ చేయలేం. కాని బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ రాత మీద పెట్టలేదు. చూపుకు విందు దొరికితే ప్రశ్న ఆగిపోతుందని నమ్మడం వాణిజ్య కళ లక్షణం. యజమాని చెప్పనక్కరలేకుండానే రచయిత ఆ నమ్మకాన్ని జీర్ణించుకోవడం అంతకన్న ప్రమాదం.

అభిమానుల విన్నపంలోనూ ఒక లోపం ఉంది. "సరుకు బాగాలేదు, పనివాళ్ళను మార్చి మళ్ళీ చేయించండి" అని యజమానికి పెట్టుకున్న అర్జీ అది. వినియోగదారుడి భాష. రచయితలు ఎలాంటి పరిస్థితుల్లో రాస్తున్నారన్న ప్రశ్నను నాలుగేళ్ళ తర్వాత రచయితలే లేవనెత్తారు. 2023 మే 2న మొదలైన అమెరికన్ రచయితల సమ్మె 148 రోజులు సాగింది. ధారావాహిక రచనకు కనీసం ఇంతమంది రచయితలను పెట్టుకోవాలన్నది వాళ్ళ కోరికల్లో ఒకటి. రాత దిగజారిందని బాధపడే ప్రేక్షకుడూ, రాయడానికి మనుషులూ సమయమూ కావాలనే రచయితా ఒకే పక్షంవాళ్ళు. ఈ సంగతి ఇద్దరికీ తెలియజెప్పడం విమర్శకుడి పని.

మరో విచిత్రం. మార్టిన్ మరో పుస్తకం ఆధారంగా తీసిన 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' విషయంలో 2024 సెప్టెంబరులో మూలరచయితే బహిరంగంగా ఫిర్యాదు చేశాడు. ఒక పసివాడి పాత్రను తొలగిస్తే తర్వాతి సంఘటనల గొలుసు ఎలా తెగిపోతుందో వివరించాడు. కొద్దిసేపటికే ఆ రాత కనిపించకుండా పోయింది. చెరువు గట్టు మీద కుర్రవాడు అడిగినదీ, కథ పుట్టించినవాడు అడిగినదీ ఒకటే: కారణం.

6

అడిగే హక్కు ప్రేక్షకుడికి ఎక్కడిది అనేవాళ్ళు మన బుర్రకథను గుర్తుచేసుకోవాలి. కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, రెండోవారు రాజకీయం అందుకుంటారు. కథకుడు వీరావేశంలో పరుగెత్తుతుంటే ఆపి, "అదెలా జరిగింది? ఇప్పటి సంగతి ఏమిటి?" అని అడగడం వంతల పని. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ చేతిలో ఈ కళ అంత పదునెక్కడానికి ఆ ప్రశ్న కూడా కారణం. కథ చెప్పేవాడి పక్కనే అడిగేవాడికి చోటు ఇచ్చిన సంప్రదాయం మనది. టెలివిజన్ ఆ చోటు తీసేసింది. ఆ పదిహేను లక్షల సంతకాలూ చోటు దొరకని వంతల కేకలే.

ఇక మన అద్భుతకథల సంగతి. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదనీ, చుట్టూ నీరు ఉన్నంతకాలం శత్రువు దాన్ని పట్టలేకపోయాడనీ, సరస్సును సముద్రంలోకి వదిలేయడానికి ఉప్పుటేరు తవ్వించాడనీ, గెలుపు కోసం గజపతి సేనాని కన్నకూతుర్ని బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అనే పేరు వచ్చిందనీ ఒక ఐతిహ్యం ఉంది. బలితో విజయం వస్తుందన్న మూఢవిశ్వాసాన్ని మనం తిరస్కరిస్తాం. కానీ కథ కట్టిన తీరు చూడండి. మహిమకు ముందు నీటి లెక్క ఉంది. కోట నిలిచింది నీటివల్ల, పడగొట్టాలంటే నీరు తియ్యాలి. మహిమకు తర్వాత వెల లెక్క ఉంది. సేనాని పేరు కాలువకు మిగల్లేదు. చచ్చిపోయిన ఆడపిల్లే మిగిలింది. జనం చెప్పుకున్న కథ వెల చెల్లించినవాళ్ళను మరచిపోలేదు.

ఇదే కొల్లేటిలో 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. కంటికి కనిపించని ఆ గీత ఏ మాంత్రికుడు గీసిన గీతకూ తీసిపోదు. ఇవతల ఉంటే చెరువు, అవతల ఉంటే అభయారణ్యం. సరస్సును కాపాడుకోవలసిందే. కాని గీత గీసినప్పుడు పెట్టుబడి పెట్టినవాడి నష్టం ఒక రకం, చెరువు మీద కూలికి బతికినవాడి నష్టం మరో రకం. మన రచయిత ఎవరైనా ఆ గీతను అద్భుతకథగా రాస్తే నేను పలాయనవాదం అనను. కూలివాడు కొలువుకు వచ్చి లెక్క అడిగే ఘట్టం అందులో ఉందా అని మాత్రం చూస్తాను.

కథ కంచికి, మనం ఇంటికి అనడం మన ఆచారం. ఆ కుర్రవాడు ఆనాడు ఇంటికి వెళ్ళనన్నాడు. కథ కంచికి చేరలేదని అతనికి తెలిసింది. అతన్ని చూసి నవ్విన విమర్శకుడికి ఆ సంగతి తెలియడానికి డెబ్భైమూడు ఎపిసోడ్లు పట్టింది.